పిన్ని మూసిన కిటికీలు

గుణదలలో ఉండే మా పిన్ని లూర్దమ్మ ఇంటికి ఎండాకాలం సాయంత్రం పూట ఎవరు వెళ్ళినా ఒక వింత కనబడుతుంది. బెజవాడ ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పగలంతా తలుపులు బిగించి, పరదాలు దించి, పొద్దు వాలగానే ఇల్లంతా బార్లా తెరిచి, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కోసం కాచుక్కూర్చోవడం ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ అలవాటు. మా పిన్ని పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పడమటి గాలి నిప్పులు చెరుగుతున్నా ఒక రెక్క ఓరగా తెరిచే ఉంచుతుంది. సాయంత్రం గాలి తిరిగే వేళకి మాత్రం లేచి, గదులన్నీ ఒకసారి తిరిగి, కిటికీలన్నీ మూసి గడియలు పెట్టి వచ్చి కూర్చుంటుంది. దోమల కోసమని చుట్టుపక్కలవాళ్ళు అనుకుంటారు. అసలు కారణం తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది పిన్నీ నేనూ మాత్రమే.

మొన్న ఎండాకాలంలో నాన్న పోయి ఏడాది నిండింది. గుణదల మరియమాత గుడిలో ఆయన పేరున పూజ పెట్టించి, అటునుంచి అటే పిన్ని ఇంటికి వెళ్ళాను. అన్నంలోకి గోంగూర పప్పు చేసి పెట్టింది. తిన్నాక చెయ్యి కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ, కూర గురించి అడిగినంత మామూలుగా అడిగింది. "నిర్మలా, ఆ రోజు కొండ మీద గాలి తిరిగిందని అన్నదెవరే?" నా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. దానికి జవాబు నా దగ్గర చాలాకాలంగా ఉంది. చెప్పనని నాన్నకు మాటిచ్చాను. ఆయన ఉంటే ఇంకోసారి అడిగి చూసేదాన్ని, పోయినవాళ్ళకిచ్చిన మాటలో ఆ సౌకర్యం కూడా లేదు. తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆ కాసేపట్లోనే నా ఆలోచనంతా కొండపల్లిలోని మా పాత వాకిలి చుట్టి వచ్చింది.

నేను ఏం చేసి బతికానో ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. నా ఉద్యోగమంతా అడవి మంటల్ని చదవడం. అడవి ఎందుకు అంటుకుంటుంది, అంటుకున్న మంట ఎటు నడుస్తుంది, ఏ మంట చెట్టును చంపుతుంది, ఏ మంట దాని కింద చెత్తను మాత్రం తిని పోతుంది, కాలిన నేలలో ముందు లేచేదేమిటి, ఇవీ నా ప్రశ్నలు. మంటలన్నీ చెడ్డవని చెప్పుకు తిరిగితే జనం సంతోషించేవారు. చలికాలం చివర్లో మనంతట మనం పెట్టే చిన్న మంట, మే నెలలో రాబోయే పెద్ద మంటకు మేత లేకుండా చేస్తుందని చెప్పేసరికి నన్ను అనుమానంగా చూసేవారు. మా చుట్టాలైతే పెళ్ళిళ్ళలో నన్ను చూడగానే, "అదుగో వచ్చింది, గాడిపొయ్యి దగ్గర కుర్చీ వెయ్యండ్రా" అని మొదలుపెట్టేవారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఈ చదువులోకి ఎందుకు వచ్చానో వాళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు, అందుకే ఆ నవ్వు ఎప్పుడూ తొందరగానే ఆగిపోయేది.

మా ఇల్లు కొండపల్లిలో, ఖిల్లా ఉన్న కొండకు దిగువన పెంకుటిల్లు. నాన్న రాయప్ప అడవి శాఖలో ఫారెస్టరు. ఆయన తమ్ముడు శౌరి బాబాయి అదే సెక్షనులో గార్డు. ఇంట్లో అన్న, కొండ మీద ఆఫీసరు అని బాబాయి వేళాకోళం చేసేవాడు. ఇద్దరి ఖాకీ చొక్కాలూ అమ్మ ఒకే బానలో నానబెట్టేది, ఎంత ఉతికినా పొగ వాసన మాత్రం పోయేది కాదు. మా వీధి మలుపు నుంచి బొమ్మల పని చేసేవాళ్ళ ఇళ్ళు. అక్కడ ఎప్పుడూ చింతగింజల జిగురు ఉడుకుతూ ఉండేది. ఆ వాసన, రంగుల వాసన, పచ్చి పొణికి కర్ర చెక్కిన వాసన కలిసి మా వాకిట్లోకి వచ్చేవి. బాబాయికి ఆ వీధంతా స్నేహితులే. క్రిస్మసుకి మా ఇంట్లో పెట్టే పశువుల పాకలో బొమ్మలన్నీ వాళ్ళు చేసి ఇచ్చినవే. అందుకే మా బాలయేసుని చూడ్డానికి వచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన అంబారీ ఏనుగు మీద వచ్చేవాడు. ఫాదరుగారు చూసి ఏమీ అనలేక మీసాల్లో నవ్వుకునేవారు.

ఎండాకాలం మా ఇంటికి సాయంత్రమే అసలు పొద్దు. నాయనమ్మ మాగాయ ముక్కలు ఎండబెట్టిన చాపలు ఎత్తించి, బావిలో నీళ్ళు తోడించి వాకిలంతా చల్లించేది. కాలిన మట్టి ఆ నీళ్ళను చుర్రుమని పీల్చుకునేది. కాసేపు వేడి ఆవిరి, ఆ తర్వాత మట్టి వాసన. అప్పుడు మంచాలు బయటికొచ్చేవి. ఇంటి గోడకీ పశువుల కొట్టానికీ మధ్య ఒక సందు ఉండేది, సముద్రపు గాలి ముందు అక్కడి నుంచే వచ్చేది. ఆ సందు ఎదురుగా వేసే నవారు మంచం కోసమే మా ఇంట్లో ఆట. పగలంతా వీచిన పడమటి గాలి ఆగిపోయి, కాసేపు ఆకు కదలకుండా ఉండి, ఆ తర్వాత తూర్పు దక్షిణాల మూల నుంచి మొదటి చల్లని తెమ్మెర వస్తుందే, దాన్ని ముందు పసిగట్టి "తిరిగింది" అన్నవాళ్ళదే ఆ మంచం. అన్నాక వాకిట్లోని వేపచెట్టు ఆకు కదలాలి. కదలకపోతే అబద్ధం చెప్పినట్టే లెక్క, వాళ్ళకు కొట్టం పక్కన, గేదె ఊపిరి తగిలే చోట నులక మంచం.

ఆ ఆటలో శౌరి బాబాయిని గెలిచినవాళ్ళు లేరు. అరచెయ్యి చెంబులో ముంచి మెడ వెనక తడి చేసుకుని, తూర్పుకు వీపు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఆ వేళకే నాయనమ్మ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి జపమాల చెప్పించేది. మరియమ్మను తలుచుకునే మంగళవార్త జపం మధ్యలో, అందరి గొంతులూ ఒక్కటిగా సాగుతుండగా, బాబాయి మెల్లగా "తిరిగింది" అనేవాడు. "తల్లి పేరు తలుచుకుంటుంటే మధ్యలో నీ గాలి గోలేందిరా సచ్చినోడా" అని నాయనమ్మ కసిరేది. మేం వేపచెట్టు వంక చూసేవాళ్ళం. ముందు కొనకొమ్మ ఆకు, తర్వాత రెమ్మ, తర్వాత చెట్టంతా కదిలేది. జపం పూర్తికాకుండానే బాబాయి వెళ్ళి నవారు మంచం మీద అడ్డంగా పడుకునేవాడు.

మా నాన్నకు ఆ ఆట అచ్చిరాలేదు. చెట్టంతా ఊగుతున్నా, "ఏదిరా, నాకేం తెలియలేదే" అనేవాడు. "దున్నపోతు తోలురా నీది" అని నాయనమ్మ, "మా అన్నకి గాలి రిజిస్టర్డు పోస్టులో రావాలి" అని బాబాయి. నాన్న నవ్వేవాడే కానీ ఆ ఆటలో నోరు తెరిచి ముందు చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. బాబాయికి పెళ్ళయి లూర్దు పిన్ని వచ్చాక ఆటకు ఇంకో సరదా వచ్చింది. ఆయన తడి చేత్తో పిన్ని మెడ వెనక కూడా రాసి, "ఇప్పుడు చూడు, నీకే తెలుస్తుంది" అనేవాడు. పెద్దవాళ్ళ ముందు అంత చనువేమిటని అమ్మ బుగ్గలు నొక్కుకునేది, నాయనమ్మ చూడనట్టు నటించేది. పిన్ని సిగ్గుతో తల వంచుకుని, కళ్ళు మాత్రం ఎత్తి ఆయన వైపే చూస్తూ ఉండేది. ఆ ఏడాది మా వాకిలంత సంతోషంగా ఉన్న చోటు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ కొండ మీద ఫైర్ లైన్లు వేయించేవారు. అంటే ఎండుటాకులు, గడ్డి ఊడ్చి మట్టి తేలేలా పొడుగ్గా ఒక బాట చెయ్యడం, ఆ బాట పక్కనున్న గడ్డిని తామే నెమ్మదిగా కాల్చడం. పెద్ద మంట వచ్చినప్పుడు ఆ బాట దగ్గర తినడానికేమీ లేక ఆగిపోతుంది. ఆదివారం గుడి అయ్యాక నన్నూ తీసుకెళ్ళేవారు. మోకాలెత్తు కూడా లేని మంట గడ్డిలో పాకుతూ పోతుంటే పచ్చి కొమ్మలతో అటూ ఇటూ అదుపు చేసేవారు. "మంటకి కాళ్ళుండవమ్మా, గాలి ఎటు ఎత్తుకుపోతే అటే" అని బాబాయి నాకు చెప్పిన మాటను తర్వాత ఎన్నో పెద్ద మాటల్లో చదువుకున్నాను, కానీ అంతకు మించిన సంగతేమీ దొరకలేదు.

ఆ ఏడాది ఈస్టరు వెళ్ళాక ఒక మధ్యాహ్నం పడమటి వాలులో నిప్పంటుకుంది. లేత గడ్డి కోసం మేకలవాళ్ళు పెట్టారన్నారు, ఎవరో బీడీ పారేశారన్నారు, ఎవరన్నా ఇప్పుడు చేసేదేమీ లేదు. ఎండుగడ్డిని పట్టుకుని మంట పడమటి గాలి మీద పైకెక్కుతోంది. అది కొండ నెత్తినున్న గట్టు దాటితే ఇవతలి వాలులో పొణికి చెట్లున్నాయి. ఆ చెట్లు పోతే బొమ్మల వీధికి కర్ర ఉండదు. నాన్న, బాబాయి, అడవి కాపలా కాసే వాచర్లు కలిసి గట్టు మీదున్న ఫైర్ లైను దగ్గరికి వెళ్ళారు. అక్కడ చెయ్యాల్సింది ఎదురు నిప్పు పెట్టడం. వచ్చే మంటకు ఎదురుగా మనమే ఇంకో మంట పెడితే, అది ముందుకు పోయి మధ్యలో గడ్డినంతా తినేస్తుంది, రెండూ కలిసి చల్లారతాయి. అయితే పడమటి గాలి వీస్తుండగా పెడితే ఆ నిప్పు పెట్టినవాళ్ళ మీదికే తిరుగుతుంది. అందుకని సాయంత్రం గాలి తిరిగేదాకా ఆగి, తిరిగాకే అంటిస్తారు. మా వైపు కొండల్లో అందరూ చేసే పద్ధతి అదే.

మేం ఆడవాళ్ళం వాకిట్లో నిలబడి పొగ చూస్తున్నాం. పొగంతా మా వైపే వంగి వస్తోంది. ఇంకా పొద్దు బాగా ఉంది, వాకిట్లో నీళ్ళు కూడా చల్లలేదు. అంతలో గట్టు మీద కొత్తగా తెల్లటి పొగ లేచింది. "అప్పుడే అంటించారేమిటి?" అంది నాయనమ్మ. వేపచెట్టు వంక చూసింది. ఆకులన్నీ పడమటి గాలికి తూర్పు వైపే వాలి ఉన్నాయి. పిన్ని మాత్రం పొగ చూడటం ఆపి తలుపుకు చెయ్యి ఆనించి నిలబడింది. కాసేపటికి ఆ తెల్ల పొగ కూడా మా వైపే వంగింది.

బాబాయిని వాచర్లు కిందికి మోసుకొచ్చారు. గట్టు మీద రెండు ఎత్తుల మధ్య కనుమలా ఉన్న చోట, అందరికన్నా చివర నిలబడ్డాడట. తిరిగొచ్చిన మంట ముందు ఆయన్నే చుట్టుకుంది. వాకిట్లో నవారు మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. నాన్న చేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయన పిన్ని ఎదుటికి వచ్చి నిలబడి, అందరూ వింటుండగా అన్నాడు. "గాలి తిరిగిందని చెప్పింది నేనమ్మా. నేనే అంటించమన్నా. తప్పు నాది." ఆ తర్వాత విచారణకు వచ్చిన పైవాళ్ళతోనూ అదే మాట, ఫాదరుగారితోనూ అదే మాట. పిన్ని ఏడవలేదు. వెళ్ళి మంచం దగ్గర కూర్చుంది.

అసలు గాలి ఆ తర్వాత, తన వేళకు తాను వచ్చింది. ఎంత చల్లగా వచ్చిందంటే, ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు మనసొప్పడం లేదు. సందులోంచి వచ్చి నేరుగా ఆ నవారు మంచం మీదికే వీచింది. దుప్పటి అంచు లేచింది. నాయనమ్మ దాని మీద చెయ్యి పెట్టి అదిమి పట్టుకుంది. పిన్ని మంచం దగ్గర నుంచి లేచి ఇంట్లోకి వెళ్ళి ఒక్కొక్క కిటికీ మూయడం మొదలుపెట్టింది. ఆ రెక్కల చప్పుడు వాకిట్లో ఉన్న మా అందరికీ వినబడుతూనే ఉంది. ఎవరూ వద్దనలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బయట పడుకోలేదు. ఎండాకాలమంతా గదుల్లో ఉడికిపోయేవాళ్ళం, ఒక్కరం కూడా మంచం బయట వేద్దామని అనలేదు. నాయనమ్మ ఎవర్నీ మళ్ళీ "సచ్చినోడా" అని తిట్టలేదు, గేదెను కూడా. జపమాల మాత్రం లోపల తలుపేసుకుని చెప్పేది. పిన్ని గుణదలలోని పుట్టింటికి వెళ్ళిపోయి, అక్కడి సిస్టర్ల బడిలో కుట్టుపని నేర్పే టీచరుగా చేరింది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు టీ ఇచ్చి పంపేసేది. నాన్న ఏటా మరియమాత తిరునాళ్ళకు గుణదల వెళ్ళేవాడు. గుడి ఉన్న కొండ దిగి పిన్ని ఇంటికి వెళ్ళి వసారా మెట్టు మీద కూర్చునేవాడు. ఆమె విస్తరి వేసి అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆయన తిని, "వస్తానమ్మా" అని లేచేవాడు. నేను కాలేజీ చదివే రోజుల్లో ఒకసారి వెంట వెళ్ళి, వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఏడిచాను. "ఊరుకో, అన్నం పెట్టింది కదా" అన్నాడు నాన్న.

చదువు పూర్తయి పరిశోధన మొదలుపెట్టాక నేను వెతుక్కున్న మొదటి చోటు ఆ గట్టే. పైకి చెప్పిన కారణం వేరు. ఎండుటడవిలో చలికాలపు చిన్న మంటలు ఎలా నడుస్తాయో చూడాలని అనుమతి తెచ్చుకున్నాను. ఎండిన వెదురు కర్రలు పాతించి వాటికి పలచటి గుడ్డ పేలికలు కట్టించాను. పరికరాలూ ఉన్నాయి, కానీ గాలిని కంటితో చూడాలంటే ఆ పేలికలే నయం. బాబాయి పడిన చోట నాన్న రాళ్ళు పేర్చి చిన్న సిలువ పెట్టాడు. తాను నిలబడ్డ చోటు కూడా ఎన్నోసార్లు చెప్పాడు, కనుమకు కాస్త ఎడంగా, ఒక రాతి గుండు పక్కన పల్లంలో. ఆ రెండు చోట్లా కర్రలు పాతించాను. పడమటి వాలులో అదుపులో ఉండేలా ఒక చారిక గడ్డి అంటించి చూశాం. మంట పెరిగేకొద్దీ వేడి పైకి లేస్తుంది, లేచిన చోటికి చుట్టుపక్కల గాలిని మంటే తన వైపు లాక్కుంటుంది. పుస్తకంలో చదివిందే. కానీ కనుమలో బాబాయి చోటున్న పేలిక ఒక్కసారిగా తూర్పు నుంచి పడమరకు ఊగింది. నేను దాని పక్కనే ఉన్నాను. మెడ వెనక చల్లగా తగిలింది. సముద్రపు గాలి వచ్చిందని నాకే అనిపించింది. ఆ క్షణంలో పల్లంలో నాన్న చోటున్న పేలిక మాత్రం చచ్చినట్టు వేలాడుతూ ఉంది. అలా ఎన్నిసార్లు చేసినా అంతే. కొద్దిసేపటికి మళ్ళీ పడమటి గాలి విసురుగా వచ్చి అన్ని పేలికల్నీ ఒకే వైపు తిప్పేసేది.

ఆ రోజు కనుమలో తగిలింది సముద్రం పంపిన గాలి కాదు, మంట ఊపిరి. వాకిట్లో ఏనాడూ పొరపాటు పడని మనిషి ఆ ఒక్కసారి పడ్డాడు. పల్లంలో ఉన్న నాన్నకు ఆ గాలి తెలిసే అవకాశమే లేదు. అంటే "తిరిగింది" అని అరిచింది బాబాయి. తమ్ముడు చెప్పాక ఇంక వేపాకు వంక చూడాల్సిన పని లేదని అలవాటైపోయిన అన్న, నిప్పు పెట్టమన్నాడు. సిలువ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నా వెంట వచ్చిన కుర్రవాళ్ళు పొగ వల్లేమో అనుకుని నీళ్ళిచ్చారు.

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి నాన్నను అడిగేశాను. అప్పటికి రిటైరయి వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, నా చదువు మీద గర్వమో బాధో తెలియని చూపొకటి చూశాడు. "వాడే అరిచాడు," అన్నాడు. "వాడు చెప్తే నాకు నా ఒంటి మీద కన్నా నమ్మకం." మరి పిన్నికి ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఇన్నేళ్ళు ఆ మెట్టు మీద కూర్చుని నోరు మూసుకుని అన్నం తినాల్సిన ఖర్మ ఏమిటని కూడా అన్నాను. నాన్న తొందరపడలేదు. "వాడు పోనేపోయాడు. తప్పు కూడా వాడిదే అంటే ఆ పిల్లకి ఏం మిగులుద్దమ్మా? నన్ను తిట్టుకుంటా బతుకుద్ది. బతకనీ. కొండ మీద చూసింది కొండ మీదే వదిలెయ్యి." నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. ఆయన చేతుల మీద బొబ్బల మచ్చలు అప్పటికీ ఉన్నాయి.

ఆ తర్వాత నేను చాలా అడవులు తిరిగాను. ఇప్పుడు ఆకాశం నుంచి ఉపగ్రహం చూసి, ఎక్కడ మంట లేస్తే అక్కడి వాళ్ళ ఫోనుకి కబురు పంపుతుంది. మంచిదే. కానీ కబురు అందుకున్నాక కొండెక్కే మనుషులు తక్కువ, చలికాలంలో ఫైర్ లైను ఊడ్చేవాళ్ళు ఇంకా తక్కువ. కొండపల్లి నుంచి వస్తుంటే బస్సు కిటికీలోంచి కోసిన చేలల్లో గడ్డి తగలబడుతూ కనిపిస్తుంది. మా చిన్నప్పుడు వామి వేసి ఏడాదంతా గేదెకు పెట్టుకున్న గడ్డి అది. ఇప్పుడు యంత్రం కోసి చెల్లాచెదురుగా వదిలేస్తుంది, ఎత్తేవాళ్ళు లేక అంటిస్తారు. అప్పట్లో నిప్పు పెట్టాలంటే గాలి కోసం ఆగేవాళ్ళు, అంత ఆగినా మా ఇంట్లో ఒక మనిషి పోయాడు. ఇప్పుడు ఎవరూ ఏ గాలి కోసమూ ఆగడం లేదు. మా పాత ఇల్లు అమ్మేశాం. వేపచెట్టు, కొట్టం, ఆ సందు ఏవీ లేవు. పొణికి చెట్లు మాత్రం గట్టు ఇవతల కొన్ని ఉన్నాయి. ఆ రోజు మంట అక్కడిదాకా రాలేదు.

నాన్న పోయినప్పుడు పిన్ని కొండపల్లి వచ్చింది. శవపెట్టె పక్కన మల్లెపూలు పెట్టి, ఆయన చేతుల వంక చాలాసేపు చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ కోపం ఆయనతో పాటు పోనందుకు నాకు ఆమె మీద ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఏడాది గడిపి, పూజ పెట్టించి, ఆమె చేతి గోంగూర పప్పు తిని, ఆ ప్రశ్న దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

"చెప్పవే. మీ నాన్న కూడా పోయాడు. ఇంకెవరి కోసం దాస్తన్నావు?"

"నేను మాటిచ్చాను పిన్నీ," అన్నాను. అనగానే, దాచాల్సిందంతా ఆ ఒక్క మాటతో చెప్పేశానని అర్థమైంది.

పిన్ని తల ఊపింది. "పోన్లే, చెప్పమాక. నేనొకటి అడుగుతా. మన వాకిట్లో ఏనాడన్నా మీ నాన్న గాలి ముందు చెప్పాడా?"

"లేదు."

"ఒక్కనాడన్నా?"

"లేదు పిన్నీ."

"మరి ఆ రోజు ఎట్టా చెప్పాడమ్మా?"

పిన్ని తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టింది. "మంచం పక్కన నిలబడి మీ నాన్న ఆ మాట అన్నప్పుడే నాకు తెలిసింది. రోజూ మీ బాబాయి మెడ వెనక చూస్తా కూర్చునేదాన్ని నేను, గాలి ముందు ఎవరికి తెలుస్తదో నాకు తెలియదా? మా బావగారు అబద్ధం ఆడుతున్నాడని అర్థమైంది. అయినా ఊరుకున్నా. పోయిన మనిషి మీద కోపం పెట్టుకుంటే ఏడుపు కూడా రాదే. అందుకని బావగారి మీద పెట్టుకున్నా. ఆయన పెట్టుకోనిచ్చాడు." మడత పెట్టిన తువ్వాలు కుర్చీ మీద పెట్టి మళ్ళీ అంది. "ఏటా వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. ఈ ఏడు చెప్దాం, అబద్ధం చాల్లెండి బావగారూ అందాం అనుకునేదాన్ని. అంటే నా మొగుడి తప్పు నా నోటితో ఒప్పుకున్నట్టవుద్దని మజ్జిగ పోసి ఊరుకునేదాన్ని. పోయిన ఏడు మటుకు ఖాయంగా చెప్దామనుకున్నా. తిరునాళ్ళకి ఆయన రాలా, ఒంట్లో బాలేదని కబురు పంపాడు. సరే పై ఏడు చూద్దాంలే అనుకున్నా."

పిన్ని అప్పుడు ఏడ్చింది. బాబాయి మంచం పక్కన ఏడవనిదంతా ఇప్పుడు ఏడ్చిందనిపించింది. నేనూ ఏడ్చాను. నాన్న తనేదో కాపాడుతున్నాననుకుంటూ పోయాడు. ఆ సంగతి తనకు తెలుసని పిన్ని ఒక్క మాట అని ఉంటే, ఆయన ఆ మెట్టు మీద కాకుండా కుర్చీలో కూర్చుని అన్నం తినేవాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

బయట ఎండ పచ్చబడింది. పిన్ని కళ్ళు తుడుచుకుని లేచింది. కిటికీలు మూసే వేళ అయిందనుకున్నాను. ఆమె వెళ్ళి తూర్పు వైపు తలుపు గడియ తీసింది. బిగుసుకుపోయింది, నేనూ ఒక చెయ్యి వేస్తే కానీ రాలేదు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు బయట వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి, అరచెయ్యి ముంచి మెడ వెనక రాసుకుని, తూర్పుకు వీపు పెట్టి కూర్చుంది. ఆమె వీపు వెనక, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, పక్క అపార్టుమెంటు గోడ. పైదాకా గోడే. ఆ గోడకు వరసగా తగిలించిన ఏసీ పెట్టెలు మా మీదికి వేడి ఊదుతున్నాయి. ఆ గోడ లేచి చాలా ఏళ్ళయింది. దాన్ని దాటి ఇవతలికి గాలి రాదు, దాని నెత్తి మీదుగా పోతుంది. ఈ ఇంటికి సాయంత్రం గాలి రావడం ఎప్పుడో ఆగిపోయిందని పిన్నికి తెలియదు. తెలియాలంటే ఒక్క సాయంత్రమైనా తెరిచి ఉండాలి.

పిన్ని కళ్ళు మూసుకుంది. కాసేపటికి, కళ్ళు తెరవకుండానే అడిగింది. "ఏదే, ఇంకా రాలేదే? వచ్చుద్దంటావా?"

గాలి నడక చదువుకున్నదాన్ని నేను. చెంబులో చెయ్యి ముంచి నా మెడ వెనక కూడా తడి చేసుకుని, ఆమె పక్కనే తూర్పుకు వీపు పెట్టి కూర్చున్నాను.

"వస్తుంది పిన్నీ," అన్నాను. "ఇంకా వేళ కాలేదు."